పన్ను పుట్టే చోట పుట్టే గడ్డలు

తజ్వీద్ నేర్పేటప్పుడు పిల్లలకు మొట్టమొదట చెప్పవలసింది పళ్ళ పేర్లు. ముందరి నాలుగూ సనాయా. వాటి పక్కనున్న నాలుగూ రుబాయియ్యాత్. ఆ తరువాతి నాలుగు అన్‌యాబ్, అంటే కోరపళ్ళు. వాటి వెనుక దవాహిక్ 4, తవాహిన్ 12, అన్నిటికన్నా చివర నవాజిజ్ 4. మొత్తం 32. ఏ అక్షరం ఏ పంటి దగ్గర పుడుతుందో తెలియనిదే ఖుర్ఆన్ పారాయణం నాలుకకు పట్టుబడదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను ఈ పాఠం చెబుతున్నాను. అయినా ఆ పళ్ళు ఎముకలో ఎలా రూపు దిద్దుకుంటాయో, అవి పుట్టిన చోటే ఏమి పెరగవచ్చునో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆలోచించవలసిన అవసరం మా విద్యార్థి ఒకడి వల్ల కలిగింది.

ఆ అబ్బాయి కోనసీమలోని ఒక పల్లెటూరివాడు. తండ్రి కొబ్బరికాయల దింపు, వలుపు పనులు చేస్తాడు. కుర్రవాడికి పదహారేళ్ళు. హిఫ్జ్ పూర్తి చేసి పునశ్చరణ చేస్తున్నాడు. ఒక ఉదయం ఫాతిహా చివరి ఆయతులో ద్వాద్ అక్షరం దగ్గర అతని గొంతు తడబడింది. ద్వాద్ పలకాలంటే నాలుక అంచు పై దవడ పళ్ళకు పక్కగా ఆనాలి. ఎడమవైపు నుంచి పలకడం సులువని చాలామంది ఆ వైపే అలవాటు చేసుకుంటారు. ఇతనూ అంతే. మూడేళ్ళు తప్పులేకుండా పలికినవాడు ఇప్పుడు తప్పుతున్నాడేమిటని రెండుసార్లు చదివించాను.

"ఏమైంది బేటా?" అని అడిగాను.

"ఏమీ లేదు హజ్రత్, నాలుకకు ఏదో అడ్డం తగులుతోంది" అన్నాడు.

నోరు తెరిపించి చూశాను. ఎడమ కింది దవడలో చివరి పన్ను వెనుక, నాలుక వైపుకు, ఎముక ఉబ్బి ఉన్నది. వేలితో నొక్కితే రాయిలా గట్టిగా తగిలింది. నొప్పి లేదన్నాడు, జ్వరమూ లేదు. ఆ వైపు బుగ్గ కాస్త నిండుగా ఉన్నమాట నిజమే. మదరసా తిండి వంటబట్టిందని మేమంతా అనుకుంటూ వచ్చాము.

ఇక్కడ నా తప్పు నేనే ఒప్పుకోవాలి. దుఆ చదివి ఊదాను. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను. రంజాన్‌కు మూడు వారాలే ఉన్నది, ఆ ఏడే తన ఊరి మస్జిదులో తొలిసారి తరావీహ్ నమాజు చదివించడానికి నిలబడబోతున్నాడు. పండుగ అయ్యాక చూద్దామన్నాను. దుఆ చేయడంలో తప్పు లేదు. దానిని ఆసుపత్రికి బదులుగా వాడుకోవడమే తప్పు.

పండుగ తరువాత తండ్రిని పిలిపించి మాట్లాడినప్పుడు మరో సంగతి బయటపడింది. రెండేళ్ళ క్రితం అదే చోట వాపు వస్తే ఒక పట్నంలోని దంత వైద్యశాలలో వెనక పన్ను ఒకటి తీసి, "లోపల నీటితిత్తి ఉన్నది, గీకి శుభ్రం చేశాము" అని పంపించారట. గీకి తీసిన ఆ కండను పరీక్షకు పంపారా అని అడిగాను. తండ్రి నా ముఖం చూశాడు. పంపాలని ఆయనకు తెలియదు. వారు చెప్పలేదు, వీరు అడగలేదు.

రాజమహేంద్రవరం దగ్గరి ఒక దంత వైద్య కళాశాలకు తీసుకువెళ్ళాము. రెండు దవడలూ ఒకే పటంలో కనిపించే ఎక్స్‌రే తీశారు. దానిని ఓపీజీ అంటారు. పటంలో ఎడమ దవడ మూల అంతా గాలి ఊదిన బుడగలా నల్లగా ఉన్నది. పుట్టవలసిన జ్ఞానదంతం ఆ బుడగ అడుగున, దవడ కింది అంచు దాకా జారిపోయి ఉన్నది. మా నవాజిజ్ అదే. ఇంతకాలం పేరు వల్లె వేయించడమే గానీ, అది ఎముకలో తలకిందులుగా పడి ఉండగా చూడటం నాకు అదే మొదలు.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, పది రోజుల తరువాత రమ్మన్నారు. ఆనాడు మాతో మాట్లాడిన డాక్టరమ్మకు మా పెద్దమ్మాయి వయసుంటుంది. "మౌలానా గారూ, ఇది పన్నును తయారుచేసే కణాల నుంచి పుట్టిన కణితి. అమెలోబ్లాస్టోమా అంటారు. క్యాన్సర్ కాదు. కానీ వదిలేస్తే ఊరుకునే రకమూ కాదు" అన్నది. ఆమె చెప్పినదీ, ఆ తరువాత అడిగి, చదివి తెలుసుకున్నదీ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను.

పంటి పుట్టుక

తల్లి కడుపులో శిశువుకు ఆరు వారాల వయసులోనే పళ్ళ పని మొదలవుతుంది. నోటి లోపలి పైపొర ఒక పట్టీలాగా దవడలోకి దిగుతుంది. ఆ పట్టీ మీద మొగ్గల్లాంటి ఉబ్బులు లేస్తాయి. ఒక్కొక్క మొగ్గ ఒక్కొక్క పన్ను. మొగ్గ టోపీలాగా, ఆపై గంటలాగా మారుతుంది. గంట లోపలి వరుసలోని కణాలు ఎనామిల్ పోస్తాయి. మనిషి శరీరంలో అంతకన్నా గట్టి పదార్థం లేదు. గంట కింద చేరిన మెత్తని కణజాలం నుంచి పంటి ఒడలైన డెంటిన్, లోపలి గుజ్జు తయారవుతాయి. చుట్టూ ఉన్న సంచి నుంచి వేరును పట్టి ఉంచే సిమెంటం, నారపోగులు వస్తాయి.

ఎనామిల్ పోసిన కణాలు పన్ను బయటపడేసరికి రాలిపోతాయి. అందుకే అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. అయితే ఈ పనివాళ్ళందరూ పని ముగించి పూర్తిగా వెళ్ళిపోరు. పట్టీ తాలూకు తునకలు చిగుళ్ళలో, తొడుగు తాలూకు తునకలు వేర్ల చుట్టూ మిగిలిపోతాయి. వేర్ల చుట్టూ మిగిలినవాటికి 19వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త మలాసే పేరు పెట్టారు. ప్రతి ఒక్కరి దవడలోనూ ఇవి ఉంటాయి. దాదాపు అందరిలోనూ జీవితాంతం నిద్రపోతూనే ఉంటాయి. ఎక్కడో ఒకరిలో మాత్రం మేల్కొని, ఎప్పుడో ముగిసిన పనిని అదుపు లేకుండా మళ్ళీ మొదలుపెడతాయి. పన్ను కట్టే కణజాలం నుంచి పుట్టే కణితులన్నిటి మూలకథ ఇదే. ఏ దశలోని, ఏ రకపు కణాలు దారి తప్పాయన్నదాన్ని బట్టి కణితి రకం మారుతుంది.

ఎందుకు మేల్కొంటాయన్నదానికి పూర్తి జవాబు ఇంకా దొరకలేదు. అమెలోబ్లాస్టోమాలలో చాలావాటిలో బీరాఫ్ అనే జన్యువు ఒకచోట మారి ఉంటుందని 2014లో తేలింది. ఈ మార్పు కణితిలోని కణాలకే పరిమితం. తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు, పిల్లలకు పోయేదీ కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు అసలే కాదు. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, మా అబ్బాయి పళ్ళెం వేరు పెట్టాలా అని అతని దాదీ నన్ను అడిగింది.

రకరకాల గడ్డలు

వీటిలో ఎక్కువ భయపెట్టేదీ, ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినదీ అమెలోబ్లాస్టోమా. అయిదింట నాలుగు వంతులు కింది దవడలోనే, ఎక్కువగా వెనుక పళ్ళ దగ్గర వస్తుంది. నెమ్మదిగా పెరుగుతుంది. నొప్పి ఉండదు. అదే దాని మోసం. సంవత్సరాల తరబడి ఎముకను లోపల తొలుస్తూ, పైకి ఉబ్బిస్తూ పోతుంది. చివరికి ఎముక ఎంత పలచబడుతుందంటే, నొక్కితే గుడ్డు పెంకు చిట్లినట్టు వేలికి తెలుస్తుంది. ఎక్స్‌రేలో సబ్బు నురగ బుడగలు గుంపుగా ఉన్నట్టు కనబడుతుంది. ముప్ఫై, నలభై ఏళ్ళ వాళ్ళలో ఎక్కువ. ఒకే గదిగా పెరిగే మరో తరహా ఉన్నది. అది పదిహేను నుంచి పాతికేళ్ళ లోపు పిల్లల్లో, పుట్టని జ్ఞానదంతాన్ని అంటిపెట్టుకుని వస్తుంది. ఎక్స్‌రేలో మామూలు నీటితిత్తికీ దీనికీ తేడా తెలియదు. సూక్ష్మదర్శిని కింద ముక్కను చూస్తేనే తెలుస్తుంది. మా అబ్బాయికి వచ్చినది ఈ తరహాదే. కాకపోతే తిత్తి గోడలోకి కూడా చొచ్చుకుపోయింది.

ఇది ఎంతమందికి వస్తుంది? ప్రపంచవ్యాప్త అంచనాల ప్రకారం ఏడాదికి పది లక్షల మందిలో సుమారు ఒకరికి. 2011 జనగణనలో ఉభయ గోదావరి జిల్లాల జనాభా 91 లక్షలకు కాస్త అటూ ఇటూ. ఆ లెక్క వేసుకుంటే మన డెల్టా అంతటా ఏటా ఏ ఎనిమిది మందికో, తొమ్మిది మందికో కొత్తగా రావాలి. ఇది నేను వేసిన మోటు లెక్క మాత్రమే. అరుదైన జబ్బే. అరుదు గనుకనే పల్లెలో ఎవరికీ తట్టదు. పిప్పిపన్ను అనో, గవదబిళ్ళ అనో అనుకుంటారు.

రెండోది ఒడంటోమా. దీనిని కణితి అనడం కన్నా దారి తప్పిన పన్ను అనడం సబబు. ఎనామిల్, డెంటిన్ అన్నీ సరిగానే తయారవుతాయి, కానీ ఒక క్రమంలో ఉండవు. కొన్నిసార్లు ముద్దగా ఉంటుంది. కొన్నిసార్లు సంచి నిండా బుల్లి బుల్లి పళ్ళే ఉంటాయి. 2019లో చెన్నైలోని సవీత దంత వైద్య కళాశాలలో ఏడేళ్ళ బాలుడి కింది దవడ నుంచి అలాంటి సంచి ఒకటి తీశారు. విప్పి లెక్క పెడితే 526 పళ్ళు! సంచి బరువు 200 గ్రాములు. వాపు మూడేళ్ళ వయసులోనే కనబడినా అప్పట్లో ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఆ వార్త పత్రికల్లో వింతగా వచ్చింది. మా మదరసాలో పిల్లలు దానిని నాకు చదివి వినిపించి నవ్వారు, నేనూ నవ్వాను. ఒడంటోమా ఒకసారి తీసివేస్తే తిరిగి రావడం బహు అరుదు. తరచుగా ఇది పుట్టవలసిన పన్నుకు అడ్డుపడటం వల్లనే బయటపడుతుంది. పాలపన్ను ఊడవలసిన వయసు దాటినా ఊడకపోతే, ఊడినచోట ఏళ్ళు గడిచినా కొత్త పన్ను రాకపోతే, ఒక ఎక్స్‌రే తీయించడం మంచిది.

పాశ్చాత్య దేశాల లెక్కల్లో ఒడంటోమాదే మొదటి స్థానం. ఆసియా, ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల లెక్కల్లో అమెలోబ్లాస్టోమా ముందుంటుంది. అక్కడ చిన్న పిల్లలకు పళ్ళ వరుస సరిచేయడానికని ముందుగానే ఎక్స్‌రేలు తీస్తారు, దాగి ఉన్న ఒడంటోమాలు బయటపడతాయి. మన దగ్గర ముఖం వాచే దాకా ఎవరూ ఆసుపత్రి గడప తొక్కరు. ఆ లెక్కల తేడాకు ఇది ఒక ముఖ్య కారణం అంటారు.

ఆడపిల్లల తల్లులు తెలుసుకోవలసిన గడ్డ ఒకటున్నది. అడినమటాయిడ్ కణితి అని పేరు. పేరు పెద్దది గానీ స్వభావం మెత్తనిది. పదేళ్ళు దాటి ఇరవై లోపు ఆడపిల్లల్లో, పై దవడ ముందు భాగంలో, పుట్టని కోరపన్ను చుట్టూ ఎక్కువగా వస్తుంది. గుల్ల వలిచినట్టు తీసివేస్తే మళ్ళీ రాదనే చెప్పవచ్చు. కానీ కణితి అన్న మాట చెవిన పడగానే సంబంధాలు తప్పిపోతాయని ఇంట్లో దాచిపెడతారు. దాచినకొద్దీ ముఖం మీది వాపు పెరుగుతుంది, దాచడం అసలే కుదరదు.

మిగిలినవాటిని త్వరగా చెబుతాను. మిక్సోమా జిగురులా ఉండి ఎముక సందుల్లోకి పాకుతుంది, పూర్తిగా తీయడం కష్టం. సిమెంటోబ్లాస్టోమా కింది దవడ పెద్ద పంటి వేరుకు ఉండలా అంటుకుంటుంది, ఇది మాత్రం నొప్పి పెడుతుంది. కెరటోసిస్ట్ అనే తిత్తిని 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కణితుల జాబితాలో చేర్చి, 2017లో తిరిగి తిత్తుల జాబితాకు మార్చింది. పేరు ఏదైనా మళ్ళీ మళ్ళీ వచ్చే గుణం దానిది. ఒకే మనిషికి ఇవి ఎక్కువ సంఖ్యలో వస్తే అది వంశపారంపర్యంగా వచ్చే ఒక జబ్బుకు సూచన కావచ్చు, ఇంట్లో తక్కినవారినీ పరీక్షించాలి. ఈ జాతి గడ్డల్లో నిజమైన క్యాన్సర్లు కూడా ఉన్నాయి గానీ అవి మరీ అరుదు.

ఒక పేరు, ఒక తెలుగు జిల్లా

ఈ కుటుంబంలోని మరో అరుదైన గడ్డకు పిండ్‌బోర్గ్ కణితి అని పేరు. 1955లో డెన్మార్క్ వైద్యుడు పిండ్‌బోర్గ్ దానిని మొదట వర్ణించాడు. ఈ కణితులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1971లో వెలువరించిన తొలి వర్గీకరణలోనూ ఆయన చేయి ఉన్నది. ఆ పేరుకు మన తెలుగు నేలతో సంబంధం ఉన్నదని తెలిసి ఆశ్చర్యపోయాను. 1960లలో బొంబాయి టాటా పరిశోధన సంస్థకు చెందిన డాక్టర్ ఫలీ మెహతాతో కలిసి ఆయన బృందం మన దేశంలో యాభై వేల మందికి పైగా గ్రామీణుల నోళ్ళు పరీక్షించింది. ఎంచుకున్న అయిదు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అక్కడి ఆడవాళ్ళు చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగడం, దానివల్ల అంగిలికి క్యాన్సర్ రావడం ఆ అధ్యయనం వల్ల ప్రపంచానికి మరింత స్పష్టంగా తెలిసింది.

ఈ రెండింటినీ కలపకూడదు. పొగాకు, గుట్కా, జర్దా కిళ్ళీల వల్ల వచ్చేది నోటి పైపొరలో పుట్టే క్యాన్సర్, పుండుగా మొదలవుతుంది. పన్ను కట్టే కణజాలపు గడ్డలు ఎముక లోపల పుడతాయి, పొగాకుతో వాటికి సంబంధం కనబడలేదు. చుట్ట ఎన్నడూ ముట్టని హాఫిజ్ కుర్రవాడికి ఎలా వచ్చిందని ఊళ్ళో అందరూ అడిగారు. రావడానికి చుట్టతో పని లేదు. అలాగని లంక పొగాకు పండే నేల మీద ఉన్నవాళ్ళం, చుట్ట సంగతి తేలిగ్గా తీసుకోమని నేను చెప్పడం లేదు.

చికిత్స, ఆ తరువాత

కండగా పెరిగిన అమెలోబ్లాస్టోమాను కేవలం గీకి వదిలితే సగానికి పైగా తిరిగి వస్తాయి. అందువల్ల గడ్డతో పాటు చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల మంచి ఎముకను కూడా కోసి తీస్తారు. వినడానికి కఠినంగా ఉంటుంది. తిత్తి లోపలికే పరిమితమైన తరహా అయితే తక్కువతో సరిపెట్టవచ్చు. ఏది అన్నది నిర్ణయించేది పరీక్ష కాగితమే. అందుకే చెబుతున్నాను: నోటి నుంచి, దవడ నుంచి ఏ ముక్క తీసినా, అది నీటితిత్తి అని వారు ఎంత గట్టిగా చెప్పినా, "దీనిని ల్యాబుకు పంపుతున్నారా?" అని అడగండి. రిపోర్టు ఇంట్లో భద్రపరచండి. మా అబ్బాయి విషయంలో రెండేళ్ళ ముందే ఆ కాగితం ఉండి ఉంటే బహుశా ఇంత ఎముక పోయేది కాదు.

ఈ విషయం మనవారికి కొత్తదేమీ కాదు. కుర్తుబా దగ్గరి జహ్రా నగరానికి చెందిన అబుల్ ఖాసిం అజ్జహ్రావీ (మరణం 1013) తన ముప్ఫై భాగాల అత్తస్రీఫ్ గ్రంథంలో శస్త్రచికిత్సకు ఒక భాగం కేటాయించాడు. చిగురు మీద పెరిగే అదనపు కండను కొక్కెంతో పట్టి మొదలంటా కోయాలనీ, అది తరచు తిరిగి వస్తుందనీ, వస్తే మళ్ళీ కోసి వాత పెట్టాలనీ అందులో వివరించాడు. ఆయన చెప్పినది చిగురు గడ్డ గురించి, ఎముక లోపలి దాని గురించి కాదు. అయినా తిరిగి వచ్చే గడ్డను మొదలంటా తీయాలన్న ఎరుక వెయ్యేళ్ళ నాడే ఉన్నది.

తీసిన ఎముక స్థానంలో లోహపు పట్టీ అమరుస్తారు. ఖాళీ పెద్దదైతే కాలి పిక్కలోని సన్నని ఎముకను రక్తనాళంతో సహా తెచ్చి దవడగా మలుస్తారు. 1989 నుంచి ఈ పద్ధతి వాడుకలో ఉన్నది. మనిషి బరువు మోసేది ఆ ఎముక కాదు గనుక నడకకు పెద్దగా లోటు రాదు. కుర్రవాడి మామయ్య నన్ను పక్కకు పిలిచి, "సృష్టిని మార్చడం కాదా హజ్రత్?" అని అడిగాడు. కులాబ్ యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న అర్‌ఫజా (రజి) సంగతి చెప్పాను. వెండి ముక్కు పెట్టించుకుంటే అది కుళ్ళు వాసన వేసింది. అప్పుడు బంగారు ముక్కు పెట్టించుకోమని ప్రవక్త (స) ఆయనకు చెప్పారు. పురుషులకు బంగారం నిషిద్ధమైనా అవసరం ముందు అది అడ్డు కాలేదు. పళ్ళను బంగారు తీగతో కట్టించుకోవడానికి పండితులు దీనినే ఆధారంగా చూపారు. పోయిన అవయవాన్ని నిలబెట్టుకోవడం సృష్టిని మార్చడం కాదు. మామయ్య ఊరుకున్నాడు. సంతకం పెట్టాడు.

స్త్రీల విషయం ఒకటి. మా బంధువర్గంలోనే ఒకామె పరదా చాటున దవడ వాపును నాలుగేళ్ళు దాచింది. మగ డాక్టరు ముందు నోరు తెరవలేననేది ఆమె బాధ. ఈ రోజు రాజానగరం, భీమవరం, అమలాపురం, ఏలూరు దంత వైద్య కళాశాలల్లో లేడీ డాక్టర్లు ఉంటారు. ఓపీలో చీటీ రాయించుకునేటప్పుడే అడిగితే వారి దగ్గరకు పంపుతారు. శస్త్రచికిత్స ఖర్చు గురించి బెంగపడి ఆగిపోకుండా, ఒప్పంద ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి రేషన్ కార్డు చూపించి, తమ ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి వస్తుందో లేదో ముందుగా తెలుసుకోవాలి.

ఇంట్లో ఏమి గమనించాలి అంటే, ముఖంలో ఒక వైపు మాత్రమే వచ్చి నెల దాటినా తగ్గని గట్టి వాపు. పిప్పి లేకుండానే కదిలే పన్ను, లేదా పక్కకు జరిగిపోయే పన్ను. పెద్దలకు పెట్టుడు పళ్ళు ఉన్నట్టుండి బిగుతు కావడం. కింది పెదవి తిమ్మిరి. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. నొప్పి పెట్టే పన్ను ఎలాగూ మనిషిని డాక్టరు దగ్గరకు లాక్కుపోతుంది.

మా అబ్బాయికి ఎడమ దవడలో నాలుగు వేళ్ళ మేర ఎముక తీసి, పట్టీ వేశారు. ఏడాది తరువాత కాలి ఎముక అమర్చారు. దానితో పాటు నరం ఒకటి పోయింది. ఎడమవైపు కింది పెదవికి, గడ్డానికి స్పర్శ లేదు. ఫా అక్షరం పలకాలంటే పై పళ్ళు కింది పెదవి లోపలి అంచుకు తగలాలి. అది తగిలిందో లేదో అతనికి తెలిసేది కాదు. అద్దం ఎదురుగా పెట్టుకుని ఆరు నెలలు సాధన చేశాడు. ఇది తిరగబెట్టేదైతే ఎక్కువగా అయిదేళ్ళ లోపు, కొందరికి పదేళ్ళ తరువాత కూడా వస్తుందట. కనుక ప్రతి ఏడూ షాబాన్ నెలలో రాజమహేంద్రవరం వచ్చి ఎక్స్‌రే తీయించుకుని, ఆ పటం చుట్టగా చుట్టి నా దగ్గరకు తెచ్చి చూపిస్తాడు. ఇది నాలుగో ఏడు. ఇప్పటివరకు నల్లమచ్చ లేదు. ఇప్పుడు తన ఊళ్ళో తరావీహ్ తనే చదివిస్తున్నాడు. ద్వాద్ మాత్రం కుడివైపు నుంచి పలుకుతాడు. అది ఎడమవైపు కన్నా కష్టమని గ్రంథాల్లో ఉన్నది. వెనుక నిలబడి వినేవాళ్ళకు ఆ తేడా తెలియదు. నాకు తెలుస్తుంది.